తప్పు ఒప్పుకునే ముందు

తాగి బండి నడుపుతూ దొరికిన మనిషికి లాయరు ఎందుకండీ అని నన్ను చాలామంది అడిగారు. జరిమానా కట్టేస్తే పోయేదానికి ఫీజు దండగ అని కొందరు, అలాంటివాడికి అసలు లాయరే దొరక్కూడదని ఇంకొందరు. రెండూ పొరపాటు అభిప్రాయాలే అని నా నమ్మకం. ఎందుకో హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల మధ్యే నిలబడి చెప్తాను. ఈ కేసులో ఎదురయ్యే మజిలీలు చాలావరకు ఆ చుట్టుపక్కలే. రాత్రిపూట బ్రీత్ అనలైజర్ మిషన్‌లో ఊదించే రోడ్లు అవే. కౌన్సెలింగ్ ఇచ్చే ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ బేగంపేటలో ఉంది. ఏళ్ళ తరబడి ఈ కేసులు విన్న ప్రత్యేక మేజిస్ట్రేటు కోర్టులు ఎర్రమంజిల్‌లో ఉండేవి. దెబ్బలు తగిలినవాళ్ళని మోసుకెళ్ళే నిమ్స్ ఆసుపత్రి పంజాగుట్టలోనే. కోర్సులు నేర్పే సెంటర్లు, విదేశాలకు పంపిస్తామనే కన్సల్టెన్సీలు అమీర్‌పేట నిండా. ఆ కన్సల్టెన్సీకీ ఈ కేసుకీ సంబంధమేమిటంటారా? ఉంది, వస్తాను.

ఒక కుర్రాణ్ణి అనుకుందాం. ఒంగోలు నుంచో కరీంనగర్ నుంచో వచ్చాడు. మైత్రీవనం దగ్గర కోర్సు, బల్కంపేట వైపు హాస్టలు. శనివారం రాత్రి స్నేహితుడికి ఉద్యోగం వచ్చిందని నలుగురూ కూర్చున్నారు. పన్నెండు దాటింది, మెట్రో ఆగిపోయింది, బండి తీశాడు. పంజాగుట్ట దగ్గర బారికేడ్లు. ఎస్సై బండి పక్కన పెట్టమన్నాడు. కవరు చింపి కొత్త గొట్టం మిషన్‌కి తొడిగి, నోటి దగ్గర పెట్టి ఊదమన్నాడు. ఆపకుండా, గట్టిగా, కొన్ని సెకన్లు. మిషన్ పక్కనుంచి చిన్న కాగితం బయటికొచ్చింది. దానిమీద తేదీ, టైము, పేరు, బండి నంబరు, కింద ఒక అంకె. 92 అనుకుందాం.

ఆ అంకెకి అర్థం 100 మిల్లీలీటర్ల రక్తంలో 92 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అని. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 30 దాటితే నేరం. చాలా అమెరికా రాష్ట్రాల్లో ఈ హద్దు 80, మన దగ్గర 30 మాత్రమే. రెండు బీర్లే కదా, నాకేం కాలేదు అనేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి. నిమ్మరసం తాగితే, కాఫీ తాగితే, ముఖం కడుక్కుంటే అది దిగదు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూగా గంటకి 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. 150 ఉన్న మనిషి 30కి రావాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. అంటే రాత్రి రెండింటికి పడుకుని పొద్దున ఏడింటికి ఆఫీసుకి బయల్దేరినవాడు కూడా నేరం చేస్తూ ఉండవచ్చు. మిషన్ రక్తాన్ని చూడదు. ఊపిరిలో ఎంత ఉందో కొలిచి, దాన్నిబట్టి రక్తంలో ఎంత ఉంటుందో లెక్క కట్టి చెప్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, లాయరు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ రాత్రి చెయ్యకూడనివి మూడు. పారిపోకూడదు, గొడవ పడకూడదు, ఊదనని మొండికెయ్యకూడదు. ఊదకపోతే కేసు ఉండదని హాస్టళ్ళలో ఒక ప్రచారం ఉంది. 205వ సెక్షన్ దానికి నేరుగా సమాధానం చెప్తుంది. తగిన కారణం లేకుండా పరీక్షకి ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణనే పోలీసుల వైపు సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చు. మీకు హక్కులూ ఉన్నాయి. 202వ సెక్షన్ కింద వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకి ఉంది గాని, అలా అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. ఇది బెయిలు ఇచ్చి తీరాల్సిన నేరం. పూచీకత్తు ఇస్తే విడిచిపెట్టాల్సిందే.

బండి సంగతి వేరే చెప్పాలి, దాని చుట్టూ చాలా ఏడుపులు విన్నాను. 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ కె. లక్ష్మణ్ ఒకేసారి చాలా రిట్ పిటిషన్ల మీద తీర్పు ఇచ్చారు. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని జప్తు చేసే అధికారం పోలీసులకి లేదన్నారు. తాగనివాడు, లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉంటే బండి అతనికి ఇచ్చి పంపాలి. లేకపోతే దగ్గరివాళ్ళకి కబురు పెట్టి తీసుకెళ్ళమనాలి. ఎవరూ రాకపోతే స్టేషన్లోనో మరో చోటో భద్రంగా ఉంచి, ఆర్సీ, లైసెన్సు చూపించినవారికి తిరిగి ఇవ్వాలి. తాగినవాడికి మాత్రం ఆ రాత్రి తాళాలు ఇవ్వరు, ఇవ్వకూడదు. స్నేహితుణ్ణి రప్పించండి, మర్యాదగా ఈ తీర్పు మాట చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చిన్న కాగితాన్ని అక్కడే ఫోనులో ఫోటో తీసుకోండి. కేసంతా దానిమీదే నడుస్తుంది.

ఇక తెల్లవారింది. నిద్ర లేదు, తల బద్దలవుతోంది, నాన్నకి తెలిస్తే ఎలా అన్న భయం. సరిగ్గా ఆ పూటే ఫోనులు మొదలవుతాయి. హాస్టల్ వార్డెన్‌కి తెలిసినవాడు, జిరాక్స్ షాపులో పరిచయమైనవాడు, స్నేహితుడి బావమరిది. ‘తమ్ముడూ, టెన్షన్ పడకు. లోపల మనవాళ్ళున్నారు. పాతికవేలు సర్దు, కేసే ఉండదు. ఫోన్‌పే వద్దు, క్యాష్ పట్రా.’ భయపడిన పిల్లాడికి ఆ గొంతు దేవుడి గొంతులా వినిపిస్తుంది. ఊళ్ళో నాన్న పంపిన ఫీజు డబ్బులు అక్కడే పోతాయి. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఈ ఒక్క మాట గట్టిగా చెప్పడానికి. ఆ మనిషి లాయరు కాదు. లాయరైనా సరే, అలా మాట్లాడితే అతన్ని పెట్టుకోకండి.

కేసు మేనేజ్ చెయ్యబోతే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీలో ఒక బీఎండబ్ల్యూ కారు పోలీసు చెక్‌పోస్టు మీదికి దూసుకొచ్చి ఆరుగురి ప్రాణం తీసింది. చనిపోయినవాళ్ళలో పోలీసులూ ఉన్నారు. నడిపింది నౌకాదళం మాజీ అధిపతి మనవడు సంజీవ్ నందా. అతని తరఫున వాదించింది ఆర్.కె. ఆనంద్, దేశంలో పేరున్న సీనియర్ న్యాయవాది, పార్లమెంటు సభ్యుడిగా చేసినవాడు. 2007లో ఎన్‌డీటీవీ రహస్య కెమెరాతో చేసిన కార్యక్రమం, ఆ కేసులో కీలక సాక్షిని మార్చడానికి జరిగిన మంతనాలను బయటపెట్టింది. ఢిల్లీ హైకోర్టు 2008లో ఆనంద్‌ని కోర్టు ధిక్కారం కింద దోషి అంది. నాలుగు నెలలు కోర్టుల్లో వాదించకుండా నిషేధించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మరి కక్షిదారుకి ఒరిగిందేమిటి? 2012లో సుప్రీంకోర్టు నందాని, ప్రాణం పోయే ప్రమాదం ఉందని తెలిసీ చేసిన నేరానికే, అంటే అప్పటి భారత శిక్షాస్మృతి 304వ సెక్షన్ రెండో భాగం కిందే, దోషిగా నిలబెట్టింది. అంత డబ్బు, అంత పలుకుబడి, అంత పెద్ద లాయరు ఉన్నచోటే మేనేజ్ చెయ్యడం అలా ముగిసింది. పాతికవేలకి పంజాగుట్టలో ఎవరో చేసి పెడతారా?

కేసులు పట్టుకొచ్చి కమీషన్ తినే దళారుల మీద చర్యకి చట్టమే ఉంది. బ్రిటిష్ కాలపు 1879 చట్టంలో ఉన్న ఆ నిబంధనని 2023లో అడ్వకేట్స్ చట్టంలోకి తెచ్చారు. లాయర్లు బోర్డులు పెట్టి, మనుషుల్ని పంపి కేసులు అడుక్కోకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. గెలిస్తే ఇంత, ఓడితే ఇంత అని ఫలితానికి ముడిపెట్టి ఫీజు మాట్లాడుకోవడమూ నిషిద్ధమే. కాబట్టి ‘కేసు కొట్టేయిస్తేనే డబ్బు ఇవ్వండి’ అన్న మాట వింటే అది ఉదారత అనుకోవద్దు.

మంచి లాయర్ని ఎలా గుర్తుపట్టాలి? నేను చెప్పగలిగిన గుర్తు ఇదే. మొదటి పావుగంటలో అతను మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతాడు, మీకు హామీలు ఇవ్వడు. కాగితం చూపించమంటాడు. ఎన్ని గంటలకి తాగావు, ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి ఊదించారు, గొట్టం కొత్తదేనా, ఊదేముందు నోట్లో ఏమైనా వేసుకున్నావా, దగ్గు మందు తాగావా, ఒక్కసారే ఊదించారా రెండుసార్లా, పక్కన ఎవరున్నారు, ఎక్కడ సంతకం పెట్టావు, ఇంతకు ముందు ఎప్పుడైనా దొరికావా అని అడుగుతాడు. ఆ ఆఖరి ప్రశ్నకి అబద్ధం చెప్పొద్దు. మొదటిసారికి చట్టంలో శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు జైలు, లేదా 15 వేలు, లేదా రెండూ. 2019 సవరణకి ముందు ఈ జరిమానాలు 2 వేల లోపు, 3 వేల లోపు ఉండేవి. పాత లెక్కలు చెప్పే సీనియర్ల మాట పట్టుకోకండి.

లాయరు అడిగే ఆ చిన్న ప్రశ్నల వెనుక శాస్త్రమూ, చట్టమూ ఉన్నాయి. నోట్లో నిలిచిన ఆల్కహాల్, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన ఆల్కహాల్ ఒకటి కాదు. మౌత్‌వాష్ వాడిన వెంటనే ఊదితే అంకె పెరుగుతుంది, కాసేపాగి ఊదితే పడిపోతుంది. మిషన్‌ని నిర్ణీత గడువుల్లో సరిచూడాలి. ఏ పరీక్షా లేకుండా వాసనని బట్టి, నడకని బట్టి తాగాడని తేల్చేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1971లోనే, బచ్చూభాయ్ హసనల్లీ కార్యానీ కేసులో చెప్పింది. ఆ మనిషి నోరు వాసన వేసింది, తూలాడు, మాట తడబడింది, కంటిపాపలు పెద్దవయ్యాయి అని డాక్టరు చెప్పాడు. రక్తం గాని మూత్రం గాని పరీక్షకి పంపలేదు. అది చాలదంది కోర్టు. బ్రీత్ అనలైజర్ ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని మోటారు వాహనాల చట్టమే అంటుంది కనుక, ఈ తీర్పు చూపించి 92ని చెరిపేయలేం. కానీ అంకె 33 అయి, ఒక్కసారే ఊదించి, అతను అప్పుడే దగ్గు మందు తాగి ఉంటే? అప్పుడు వాదించవలసిన కేసు ఉన్నట్టే. ఏది వాదించాలో, ఏది వాదించకూడదో చెప్పగలిగినవాడే లాయరు.

నిజాయితీగా చెప్పాలంటే, 92 వచ్చిన కుర్రాడికి చాలాసార్లు వాదనలో బలం ఉండదు. మంచి లాయరు ఆ మాట మొహం మీదే చెప్తాడు. ‘బాబూ, నువ్వు తాగావు, నడిపావు, కాగితం సరిగ్గానే ఉంది. నాలుగేళ్ళు వాయిదాలు లాగి నీ దగ్గర డబ్బు తీసుకోవడం నాకిష్టం లేదు’ అంటాడు. అప్పుడు కూడా అతని అవసరం తీరిపోదు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఎలాగో చెప్తాను. ఈ నేరం రోడ్డు మీదే చలానా కట్టి ముగించుకునేది కాదు. హెల్మెట్ లేనిదానికి కట్టినట్టు ఆన్‌లైన్లో కట్టేయడానికి కుదరదు. చట్టం 200వ సెక్షన్లో రాజీ కుదిరే నేరాల జాబితా ఉంది, అందులో 185 లేదు. కోర్టుకి వెళ్ళి తీరాలి. హైదరాబాదులో దానికి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, బేగంపేటలోనో గోషామహల్‌లోనో. ఇంట్లోవాళ్ళని వెంట తెచ్చుకోమంటారు. భార్యో, తండ్రో, తల్లో. అక్కడ ప్రమాదాల వీడియోలు చూపిస్తారు. తల్లి పక్కన కూర్చుని అవి చూడటం చాలామందికి జరిమానా కన్నా పెద్ద శిక్ష. పల్లెటూరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులు, పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా కొడుకు పక్కన తలవంచుకుని నిలబడటం మనసులో నిలిచిపోతుంది. పిల్లలారా, ఇంట్లో చెప్పకుండా అద్దెకి ఒక బాబాయిని తెచ్చుకోకండి. చెప్పండి. ఆ రోజు నాన్న తిట్టినా పక్కనే ఉంటాడు.

కౌన్సెలింగ్ అయ్యాక కోర్టు. పొద్దున్న కోర్టు ఆవరణలో ఒకేరోజు పిలిచినవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. పేరు పిలుస్తారు, లోపలికి వెళ్తారు. మేజిస్ట్రేటు నేరం ఏమిటో చెప్పి అడుగుతారు, తప్పు ఒప్పుకుంటున్నావా అని. ముందు వెళ్ళినవాడు ఒప్పుకున్నాడు, వెనకవాడు తోస్తున్నాడు, భయం. ‘తప్పే సార్, క్షమించండి’ అనేస్తాడు. అంతే. ఆ జవాబుని వీలైనంతవరకు అతని మాటల్లోనే రాసుకోవాలని నేరవిచారణ చట్టం చెప్తుంది. రాసుకున్నాక దానిమీదే శిక్ష వేయవచ్చు. ఆ క్షణంతో అతను క్రిమినల్ కేసులో శిక్ష పడిన మనిషి అయ్యాడు. ఇలా ఒప్పుకున్నాక అప్పీలు దారి దాదాపు మూసుకుపోతుంది. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం చెల్లదనో తప్ప, నేను నేరం చెయ్యలేదని మళ్ళీ చెప్పుకునే వీలుండదు. కొన్ని సెకన్ల ఆ జవాబు ఇచ్చే ముందు, దానివల్ల ఏమవుతుందో తెలిసి ఉండాలి కదా? లాయరు ఫీజు ఆ తెలివిడి కోసం.

ఏమవుతుంది? మొదటిది లైసెన్సు. శిక్ష వేసిన కోర్టుకి లైసెన్సుని కొంతకాలం రద్దు చేసే అధికారం ఉంది. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే, తాగి నడిపినవాళ్ళ లైసెన్సుని కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యాలని రాష్ట్రాలకు చెప్పింది. 2017 డిసెంబర్ 31 రాత్రి జూబ్లీహిల్స్‌లో దొరికిన ఒక ప్రముఖ టీవీ యాంకర్‌కి కోర్టు వేసిన జరిమానా 2,100 రూపాయలే, కానీ లైసెన్సు మూడేళ్ళు పోయింది. క్యాబ్ నడుపుకునేవాడికి, డెలివరీ బండి మీద బతికేవాడికి మూడేళ్ళంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రెండోది జైలు. కొన్ని రోజులు చంచల్‌గూడకి పంపిన సందర్భాలున్నాయి, సామాజిక సేవ చెయ్యమన్న సందర్భాలూ ఉన్నాయి. ఇదంతా మేజిస్ట్రేటు విచక్షణ. ఆ విచక్షణ ముందు మీ పరిస్థితి సరిగ్గా పెట్టడం లాయరు పని. మొదటి తప్పు, చదువుకుంటున్నాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, పోలీసులకి సహకరించాడు, కౌన్సెలింగ్‌కి వెళ్ళాడు అని కాగితాలతో చెప్పాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదలమనో, సత్ప్రవర్తన బాండు మీద వదలమనో అడిగే వీలుంది. అలా వదిలితే, శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హత అంటదని ఆ చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. కోర్టు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అడగకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు. వరసలో నిలబడి ‘తప్పే సార్’ అన్న కుర్రాడికి అలాంటి చట్టం ఉందనే తెలీదు.

ఇప్పుడు కన్సల్టెన్సీ సంగతి. అమెరికా వీసా ఫారం డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా, ఏ నేరానికైనా, అరెస్టయ్యారా లేదా శిక్ష పడిందా అని. పదివేలు కట్టి మర్చిపోయిన కుర్రాడు, అది చిన్న ట్రాఫిక్ కేసులే అని కన్సల్టెన్సీవాళ్ళు చెప్తే, లేదని టిక్కు పెడతాడు. తాగి నడిపిన కేసు కన్నా ఆ అబద్ధం పెద్ద చిక్కు తెస్తుంది. అక్కడికి వెళ్ళాక దొరికితే ఇంకో కథ. తాగి నడిపాడని అరెస్టయిన విదేశీయుల వీసాని, కోర్టులో నేరం రుజువు కాకముందే రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటున్న మన పిల్లలు ఈ పద్ధతితో ఇబ్బంది పడుతున్నారు. 2010లో పాడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని విదేశీ కక్షిదారుకి ముందుగా చెప్పడం అతని లాయరు బాధ్యత అంది. మన లాయర్ల నుంచి కూడా మనం అదే అడగాలి. నేను ఒప్పుకుంటే నా ఉద్యోగానికి, నా వీసాకి, నా గవర్నమెంటు పరీక్షకి ఏమవుతుంది సార్ అని. జవాబు చెప్పలేనివాడైతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

ఇన్సూరెన్సు గురించి కూడా ఒక మాట. తాగి నడుపుతూ బండి పాడుచేసుకుంటే సొంత నష్టానికి కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు, బ్రీత్ అనలైజర్ పరీక్ష జరగకపోయినా మిగతా పరిస్థితుల్ని బట్టి తాగి ఉన్నాడని తేలితే కంపెనీ నిరాకరించవచ్చంది.

లాయర్ని పెట్టుకునేటప్పుడు ఏం చూడాలంటే, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదైన నంబరు ఉందా, మీరు సంతకం పెట్టే వకాల్తాలో ఎవరి పేరుంది, కోర్టుకి వచ్చేది ఆయనేనా జూనియరా అని అడిగి తెలుసుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, జరిమానా వేరు, ఫీజు వేరు అని స్పష్టంగా రాయించుకుని రసీదు తీసుకోండి. ఇది ఇప్పుడు మరీ ముఖ్యం. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మోసపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్ళలేరు, బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యాలి. దానికి కాగితం కావాలి. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు వెనకాడొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్ళలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్తోంది. 15100కి ఫోను చేస్తే దారి చెప్తారు. కోర్టు బయట చెట్టు కింద ఎవరో చెయ్యి పట్టుకుని లాగేదాకా ఆగకండి.

ఇంతవరకు నేను చెప్పింది ఎవరికీ దెబ్బ తగలని కేసు. 2016 జూలై 1న పంజాగుట్టలో జరిగింది అది కాదు. మద్యం తాగిన విద్యార్థులున్న కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కుటుంబం కారు మీద పడింది. ఆ కారులో ఒక పాప ఉంది. ఆమె బాబాయి అక్కడికక్కడే పోయాడు. బడికి వెళ్ళే ఆ చిన్న పాప కొన్నాళ్ళు ఆసుపత్రిలో పోరాడి పోయింది. తర్వాత తాతగారూ పోయారు. ఒక్క ఇంట్లో ముగ్గురు. ఆ వారమంతా హైదరాబాదు ఆ పాప కోసం ఏడ్చింది. పోలీసులు 304వ సెక్షన్ రెండో భాగం కింద కేసు పెట్టారు. పదేళ్ళ వరకు జైలు పడే నేరం అది. అదే ఏదో పరధ్యానంలో జరిగిన ప్రమాదమైతే అప్పట్లో 304-ఏ కింద రెండేళ్ళ వరకే. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ రెండూ 105, 106 సెక్షన్లయ్యాయి, నిర్లక్ష్యానికి శిక్ష ఐదేళ్ళ వరకు పెరిగింది. ముంబైలో 2006లో కార్టర్ రోడ్డు పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలను కారుతో తొక్కించిన అలిస్టర్ పెరీరా కేసులో, తాగి అలా నడిపితే మనుషులు చస్తారని తెలిసే ఉంటుంది అని సుప్రీంకోర్టు 2012లో 304 రెండో భాగాన్నే ఖాయం చేసింది.

అలాంటివాడికి లాయరు ఉండాలా? ఉండాలనే నేనంటాను, ఆ పాపని తలుచుకునే అంటాను. రాజ్యాంగం 22వ అధికరణం, అరెస్టయిన ప్రతివాడికీ తనకిష్టమైన న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఇచ్చింది. అది నేరస్థుడి మీద జాలితో ఇచ్చింది మాత్రమే కాదు. కారులో నలుగురున్నప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నది తేలాలి. రక్తపరీక్ష ఎప్పుడు చేశారన్నది తేలాలి. ఇవి ఎదుటి పక్షం నిలదీస్తేనే గట్టిగా తేలతాయి. నిలదీసినా నిలిచిన తీర్పుని పైకోర్టులో ఎవరూ కదపలేరు. పోయినవాళ్ళ ఇంటికి కావలసింది అలాంటి తీర్పే. డిఫెన్స్ లేకుండా హడావిడిగా వేసిన శిక్ష అప్పీల్లో కూలిపోతే ఆ తల్లి మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి.

అయితే ఇలాంటి కేసులో లాయరు కూడా వేరే మనిషి కావాలి. మేజిస్ట్రేటు కోర్టులో జరిమానా కేసులు చూసేవారు సరిపోరు. సెషన్స్ కోర్టులో విచారణ నడిపిన అనుభవం, డాక్టరునీ ఫోరెన్సిక్ నిపుణుణ్ణీ ప్రశ్నించగలిగిన చదువు ఉండాలి. ఆయన మొదటిరోజే తల్లిదండ్రులకి చెప్పవలసిన మాట ఒకటుంది. డ్రైవరుని మార్చి చెప్పొద్దు, ఇంకొకణ్ణి కూర్చోబెట్టొద్దు, బాధితుల ఇంటికి డబ్బు సంచితో మనిషిని పంపొద్దు. బాధితులకు ఇవ్వవలసిన పరిహారం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా వెళ్తుంది. క్రిమినల్ కేసు సాక్ష్యాలతో దానికి ముడిపెడితే అది ఇంకో నేరం.

మన 92 కుర్రాడి దగ్గరికి తిరిగి వస్తే, తీర్పు వచ్చాక ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది, అది చాలామంది చెయ్యరు. జరిమానా కట్టిన రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. అలా వద్దు. లాయరు చేత దరఖాస్తు పెట్టించి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, ఒకటి కాదు రెండు. లైసెన్సు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సస్పెండయిందో అందులో చూసుకోండి, ఆ మధ్యలో హ్యాండిల్ ముట్టుకోకండి, ముట్టుకుంటే అది వేరే నేరం. శిక్ష ఎక్కువనిపిస్తే సెషన్స్ కోర్టుకి వెళ్ళడానికి 30 రోజులే గడువు. అయిదేళ్ళ తర్వాత ఏ వీసా ఆఫీసరో, ఏ కంపెనీ హెచ్ఆరో ఆ కేసు ఏమైందని అడిగినప్పుడు వాళ్ళ ముందు పెట్టవలసింది ఆ కాపీయే. అప్పటికి ఆ కోర్టు ఎక్కడికి మారుతుందో, ఫైలు ఏ రికార్డు గదిలో ఉంటుందో ఎవరికీ తెలీదు.